బాగుచేసిన పాత ఫ్రిజ్‌లు ఏ యాప్‌లో అమ్మాలి?

ప్రశ్న: మాది జనగామ దగ్గర ఊరు. పదకొండేళ్లుగా హైదరాబాద్ నిజాంపేటలో ఉంటున్నాం. మావారు ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ మెకానిక్. ఇళ్లు ఖాళీ చేసేవాళ్లు, కొత్తవి కొనుక్కున్నవాళ్లు పాతవి చవగ్గా ఇచ్చేస్తుంటారు. ఆయన బాగుచేస్తే నేను ఆన్‌లైన్‌లో అమ్మాలని ఆలోచన. చిట్టీ ఎత్తిన డబ్బు 60,000 చేతిలో ఉంది. సింగిల్ డోర్ ఫ్రిజ్ 2,500కి దొరుకుతుందని, 1,200 ఖర్చుపెడితే 6,000కి పోతుందని మావారి లెక్క. ఇప్పటికే మూడు ఫ్రిజ్‌లు కింద గదిలో ఉన్నాయి. రెండు పూర్తయ్యాయి, మూడోదానికి తలుపు ఇంకా సరిగ్గా పట్టడం లేదు. ఎక్కడ పెట్టాలన్నదే తేలడం లేదు. ఒకరు ఓఎల్ఎక్స్ అంటారు, ఒకరు ఫేస్‌బుక్ అంటారు, మా ఆడపడుచు కొడుకు అమెజాన్ అంటాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకాయన 15,000 కడితే రీసెల్లింగ్ కోర్సు నేర్పుతానంటున్నాడు. పోయిన ఏడాది మా పాత కూలర్ అమ్మబోయి, ఆర్మీలో పనిచేస్తున్నానని చెప్పినవాడి చేతిలో 4,500 పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి కొత్త నంబర్ నుంచి ఫోన్ వస్తే టెన్షన్. ఏ యాప్ మంచిదో చెప్పగలరా?
ఒక పాఠకురాలు, నిజాంపేట

సమాధానం:

చెల్లెమ్మా, ముందు ఆ 15,000 సంగతి తేల్చేద్దాం. కట్టకండి. మీ లెక్కలో అది ఆరు పాత ఫ్రిజ్‌ల ధర. పైగా రీసెల్లింగ్ అనే మాటకు ఇప్పుడు మన దగ్గర రెండు అర్థాలున్నాయి. మీషో లాంటి చోట్ల నుంచి కొత్త చీరలు, కుర్తీల ఫొటోలు తీసుకుని, తెలిసినవాళ్లకు వాట్సాప్‌లో పంపి, మధ్యలో కొంత కలుపుకుని అమ్మడం ఒకటి. ఆ పేరుతో నడిచే పాఠాలు చాలావరకు దాని గురించే ఉంటాయి. మీరు చేయబోయేది వేరు. వాడిన వస్తువును కొని, బాగుచేసి, మళ్లీ అమ్మడం. అందులో కష్టమైన భాగం మీవారి చేతిలో ఇప్పటికే ఉంది. మిగిలింది ఎవరైనా నెల రోజుల్లో నేర్చుకోగలిగిందే.

ఏ యాప్ అన్న ప్రశ్నకు వద్దాం. మీ వైపు అంగళ్ల సంగతి మీకు తెలుసు. పశువుల అంగడి వేరు, కూరగాయల అంగడి వేరు. ఎడ్ల జతను తోలుకుని కూరగాయల అంగడికి ఎవరూ పోరు. అక్కడ జనం బోలెడుమంది ఉన్నా ఎడ్లు కొనేవాడు ఉండడు. హైదరాబాద్‌లోనూ అంతే. పాత పుస్తకాలకు ఆదివారం పూట కోఠి, ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు, పాత సామాన్లకు ఎర్రగడ్డ ఆదివారం సంత, ఫోన్లకు ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్. యాప్‌లను కూడా ఇలాగే చూడండి. మీ సరుకు ఫ్రిజ్. బరువైనది, సొట్టపడేది. ఆటోలో నిలబెట్టి తీసుకెళ్లాలి. మూడో అంతస్తుకు ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. కొనేవాళ్లు కళ్లారా చూసి, తలుపు తెరిచి, లోపల చెయ్యి పెట్టి చల్లదనం చూసుకుంటే గానీ డబ్బు తీయరు. అందుకే మీ దగ్గర కొనేవాళ్లు మీ గదికి ఎనిమిది, పది కిలోమీటర్ల లోపలే ఉంటారు. కేపీహెచ్‌బీ, ప్రగతినగర్, బాచుపల్లి, మియాపూర్, మహా అయితే మాదాపూర్. ఈ పది కిలోమీటర్లలో ఈ వారం ఫ్రిజ్ వెతుకుతున్న మనిషి ఏ యాప్ తెరుస్తాడో అదే మీ అంగడి.

అమెజాన్ మాట ఇక్కడితో పక్కన పెట్టొచ్చు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటివి కొరియర్‌లో సరుకు పంపే వ్యాపారుల కోసం కట్టిన దుకాణాలు. జీఎస్టీ నంబర్, ప్యాకింగ్, రిటర్న్‌లు, కమీషన్ అన్నీ ఉంటాయి. ఇంట్లో బాగుచేసిన పాత ఫ్రిజ్‌కు అది చోటు కాదు. వాడిన వస్తువులను కూడా దూరాలకు అమ్ముకునే వీలు ఒకప్పుడు ఈబే ఇండియాలో ఉండేది. అది ఫ్లిప్‌కార్ట్ చేతికి వచ్చాక 2018 ఆగస్టులో మూతపడింది. క్యాషిఫై పేరు కూడా ఎవరో ఒకరు చెబుతారు. అది ముఖ్యంగా ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల లాంటివి మన దగ్గర తానే కొనుక్కునే సంస్థ, మీ పనికి సంబంధం లేదు.

యాప్ ఎంచుకునే ముందు మీవారి లెక్కను ఒకసారి మళ్లీ వేద్దాం. ఎందుకు వేయమంటున్నానో లెక్క చివర్లో తెలుస్తుంది. 2,500కి కొని 1,200 ఖర్చుపెడితే 3,700. 6,000కి పోతే 2,300 మిగులుతుందని మీరనుకుంటున్నారు. ఇందులో మూడు ఖర్చులు వదిలేశారు. ఫ్రిజ్‌ను వాళ్ల ఇంటి నుంచి మీ గదికి తెచ్చే ట్రాలీ ఆటోకు, ఎక్కించి దించే మనిషికి కలిపి 500 వేసుకోండి. అమ్మిన నెలలోపే కూలింగ్ తగ్గిందని ఫోన్ చేసేవాళ్లు కొందరుంటారు. మళ్లీ వెళ్లి చూడటానికి, చిన్న పార్టు మార్చడానికి ఫ్రిజ్‌కు 300 పక్కన పెట్టాలి. మూడోది మీవారి కూలి. అదే పూట ఆయన బయటి రిపేర్‌కు వెళ్తే 700 అయినా తెస్తారు కదా. ఇంటి మనిషి పని కదా అని దాన్ని సున్నా వేసుకుంటే ఆరు నెలల తర్వాత చేతిలో డబ్బెందుకు ఉండటం లేదో మీకే అర్థం కాదు. ఈ మూడూ కలిపి 1,500. అవి తీసేస్తే వ్యాపారంలో నిజంగా మిగిలేది ఫ్రిజ్‌కు 800.

యాప్‌కు ఏమిచ్చినా ఆ 800లోంచే ఇవ్వాలి. ప్రకటన పైన కనపడాలంటే ఇంత కట్టండి, ఇన్ని ఎక్కువ ప్రకటనలకు ఇంత కట్టండి అని యాప్‌లు అడుగుతుంటాయి. కార్లు, ఫ్లాట్లు అమ్మేవాళ్లకు అది గిట్టుబాటు కావచ్చు. మీకు ఒక్క ఫ్రిజ్ మీద రెండు మూడు వందలు అలా పోతే లాభంలో మూడో వంతు పోయినట్టే. కనుక మొదటి రెండు నెలలు డబ్బు అడిగే దేనికీ కట్టకండి.

ఇక మిగిలింది ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్. రెండింటిలోనూ పెట్టండి. కానీ రెండూ ఒకేలాంటివి కావు, తేడా తెలిసి పెట్టాలి.

పాత సామాను అనగానే మన జనం నోటికి ముందు వచ్చే పేరు ఓఎల్ఎక్స్. దాని బలమంతా అదే. ఫ్రిజ్ కావాలని గట్టిగా అనుకున్న మనిషి అక్కడికి వెళ్లి వెతుకుతాడు. ఇక్కడి ఓఎల్ఎక్స్‌ను 2023లో కార్‌ట్రేడ్ టెక్ అనే సంస్థ సుమారు 537 కోట్లకు కొనుక్కుంది. పేరులోనే ఉన్నట్టు ఆ సంస్థ అసలు వ్యాపారం బండ్లు. ఫ్రిజ్‌లు, మంచాలు అక్కడ ఒక మూల సరుకు. అయినా గదులు మారే కుర్రాళ్లు, కొత్త కాపురాలవాళ్లు ఆ మూలకు వస్తూనే ఉన్నారు. ఉచితంగా పెట్టుకునే ప్రకటనలకు అక్కడ పరిమితి ఉంటుంది కాబట్టి మూడు ఫ్రిజ్‌లకు మూడు ప్రకటనలు పెట్టేముందు ఎన్నింటి వరకు ఉచితమో చూసుకోండి. ఫోన్ నంబర్ కనపడకుండా దాచుకునే వీలు ఉంది, అది తప్పకుండా వాడండి. మాటలన్నీ ముందు యాప్‌లోని చాట్‌లోనే జరగాలి.

ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో జరిగేది వేరు. చాలామంది ఫ్రిజ్ కోసమని రారు. ఏదో చూస్తుంటే మీ ప్రకటన కళ్లబడుతుంది, వెంటనే ఒక మెసేజ్ కొడతారు. ‘ఈజ్ దిస్ అవైలబుల్’ అని వచ్చే మెసేజ్ చాలాసార్లు వాళ్లు టైప్ చేసింది కూడా కాదు, బటన్ నొక్కితే వెళ్లిపోయేది. అలాంటివి పది వస్తే ఇద్దరు మాట్లాడతారు, ఆ ఇద్దరిలో ఒకరు వస్తే గొప్ప. మనసు కష్టపెట్టుకోకండి, అది అక్కడి పద్ధతి. కానీ అక్కడ ఒక సుఖం ఉంది. అడుగుతున్న మనిషి ప్రొఫైల్ కనపడుతుంది. ఎన్నేళ్ల కిందట చేరాడు, ఏ ఊరు, ఇంటివాళ్ల ఫొటోలున్నాయా, లేక పోయిన నెల పుట్టిన ఖాళీ ఖాతానా అన్నది ఒక నిమిషంలో చూసుకోవచ్చు. ఒకసారి మోసపోయి భయపడుతున్న మీకు అది చాలా అవసరం. ఎన్ని కిలోమీటర్ల లోపలి సరుకు చూపించాలో కొనేవాళ్లు పెట్టుకునే వీలు కూడా ఉంది.

క్వికర్ 2008లో మొదలైంది, ఒకప్పుడు ఓఎల్ఎక్స్‌కు పోటీగా వినపడ్డ పేరు. ఇప్పుడు మన వీధుల్లో ఆ పేరు తలచేవాళ్లు నాకు తగలడం లేదు. మీరొకసారి తెరిచి, మీ ప్రాంతంలో ఈ వారం పెట్టిన ఫ్రిజ్ ప్రకటనలు ఎన్ని ఉన్నాయో చూసి వదిలేయండి.

ఆ పని అన్ని యాప్‌లకూ చేయండి. ఏదీ పెట్టకముందు రెండు సాయంత్రాలు కొనేవాళ్లలా కూర్చుని, ‘సింగిల్ డోర్ ఫ్రిజ్’ అని ఇంగ్లీషులో వెతకండి. మీ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయి, ఏ ధర చెబుతున్నారు, ఎన్ని రోజుల కిందట పెట్టారు అన్నది నోట్ బుక్‌లో రాసుకోండి. వారం ఆగి మళ్లీ చూడండి. వారంలో మాయమైనవి అమ్ముడుపోయినవని అనుకోవచ్చు. నెల దాటినా కదలనివాటి ధర చూడండి, జనం ఆ ధర దగ్గర ఆగిపోతున్నారన్నమాట. మీవారి 6,000 లెక్క సరైనదో కాదో చెప్పే పరీక్ష కూడా ఇదే. ఆ తర్వాత ఒకే ఫ్రిజ్‌ను, అవే ఫొటోలతో, అదే ధరకు రెండు చోట్లా పదిహేను రోజులు పెట్టండి. ఎక్కడి నుంచి ఎంతమంది అడిగారు, ఎంతమంది ఇంటికి వచ్చారు, ఎవరు కొన్నారు అన్నది రాసుకుంటే, నేనో, మీ ఆడపడుచు కొడుకో చెప్పేదానికన్నా మీ నోట్ బుక్ చెప్పేదే నిజం.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా అమ్మాయి హాస్టల్ వదిలి స్నేహితురాళ్లతో గది తీసుకున్నప్పుడు, ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి ఒక పాత ఫ్రిజ్ కొన్నాం. ఫొటోలు అద్దంలా ఉన్నాయి. మేం వెళ్లేసరికి ప్లగ్ తీసేసి ఉంది, ఇప్పుడే తుడిచామండీ అన్నారు. నమ్మాం. తొమ్మిదో రోజున పాలు విరిగిపోయాయి. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. రెండోసారి ఒక మెకానిక్ దగ్గర కొన్నాం, మొదటిదానికన్నా 1,500 ఎక్కువ పెట్టి. ఆయన మా ముందే ఒక స్టీలు గిన్నెలో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టాడు. ‘సాయంత్రం వచ్చి గిన్నె బోర్లించి చూడండి, గడ్డ కట్టకపోతే కొనొద్దు’ అన్నాడు. మేం బేరం కూడా ఆడలేదు. ఆ ఫ్రిజ్ ఇప్పటికీ నడుస్తోంది.

చెల్లెమ్మా, ఆ గిన్నెడు నీళ్లు మీ దగ్గరున్నాయి. యాప్‌లో మీతోపాటు ఫ్రిజ్ పెట్టినవాళ్లలో చాలామంది ఇల్లు మారే తొందరలో ఉన్నవాళ్లు, పోతే చాలనుకునేవాళ్లు. అమ్మాక వాళ్లు ఫోన్ ఎత్తాల్సిన పని లేదు. మీవారు ఇక్కడే ఉంటారు, ఫోన్ ఎత్తుతారు, వచ్చి చూస్తారు. కంప్రెసర్‌కు మూడు నెలల గ్యారంటీ అని ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇవ్వండి. దేనికి గ్యారంటీ ఉంది, దేనికి లేదు అన్నది కూడా అందులోనే రాయండి. ప్రకటనలో మొదటి లైన్ ఇదే ఉండాలి: మెకానిక్ స్వయంగా బాగుచేసినది, నడుస్తుండగా చూసి కొనుక్కోవచ్చు, మూడు నెలల రాత గ్యారంటీ. తర్వాత కంపెనీ, ఎన్ని లీటర్లు, తయారైన సంవత్సరం, ఏమేం మార్చారు. పగటి వెలుతురులో ఫొటోలు తీయండి. వెనక స్టిక్కర్, స్టార్ లేబుల్ విడిగా తీయండి. సొట్ట ఉంటే దాన్నీ దగ్గరగా తీసి పెట్టండి. దాచిన సొట్ట ఇంటికి వచ్చాక కనపడితే ఐదు వందలు తగ్గించమంటారు. ముందే చూపిస్తే ఆ మాట రాదు. ప్రకటన ఇంగ్లీషులో కూడా రాయించండి. మీ చుట్టూ ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు తెలుగులో వెతకరు.

ఈ రెండు యాప్‌లతోపాటు డబ్బు ఖర్చు లేనివి ఇంకో రెండు ఉన్నాయి, నా ఉద్దేశంలో ఏడాది తిరిగేసరికి మీకు ఎక్కువ అన్నం పెట్టేవి అవే. ఒకటి గూగుల్ మ్యాప్‌లో మీ గదిని షాపుగా నమోదు చేసుకోవడం. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటారు, ఉచితం. ‘సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ నియర్ మీ’ అని వెతికేవాళ్లకు మీరు కనపడతారు. కొన్న ప్రతివాళ్లనూ ఒక్క మాట రివ్యూ రాయమని అడగండి. ఓఎల్ఎక్స్‌లో అమ్ముడైన ప్రకటన అక్కడితో పోతుంది, రివ్యూ మాత్రం పదేళ్లు నిలుస్తుంది. రెండోది అపార్ట్‌మెంట్ల గ్రూపులు. నిజాంపేట, ప్రగతినగర్‌లో గేటున్న ప్రతి పెద్ద అపార్ట్‌మెంట్‌కూ వాట్సాప్ గ్రూపు ఉంటుంది, కొన్నిచోట్ల గేటు దగ్గర రాకపోకలు చూసుకునే మైగేట్ లాంటి యాప్‌లు ఉంటాయి. మిమ్మల్ని నేరుగా అందులో చేర్చుకోకపోవచ్చు. మీవారు రిపేర్‌కు వెళ్లే ఇళ్లలో ఒకరిని అడిగితే మీ ప్రకటన వాళ్లే పెడతారు.

ఆ గ్రూపులు మీకు అమ్మడానికన్నా కొనడానికి ఎక్కువ పనికొస్తాయి. దీన్ని మీరు ఉత్తరంలో అడగలేదు గానీ, ఈ వ్యాపారంలో లాభం కొన్నచోటే వస్తుంది. అదే ఓఎల్ఎక్స్‌లో కొని అదే ఓఎల్ఎక్స్‌లో అమ్మితే మీకంటే ముందు కొనడానికి అక్కడ పాతకాపులు కూర్చుని ఉంటారు. ‘ఈ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తున్నాం, ఎవరైనా తీసుకెళ్తే చాలు’ అనే మాట మొదట అపార్ట్‌మెంట్ గ్రూపులోనే వస్తుంది. ముఖ్యంగా మే, జూన్‌లో, బడులు తెరిచే ముందు. ఎండలు ముదిరాక ఫ్రిజ్ అడిగేవాళ్లు పెరుగుతారు, కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో కొన్నవి ఏప్రిల్‌కు తయారుగా ఉంటే మంచిది. అయినా ఒకేసారి నాలుగైదుకు మించి కొనకండి. 60,000లో 20,000 సరుకుకు, 5,000 పార్టులకు, మిగతాది బ్యాంకులోనే. మొదటి పది అమ్ముడయ్యాక మళ్లీ ఆలోచించొచ్చు.

కొన్నప్పుడు అమ్మినవాళ్ల పేరు, ఫోన్ నంబర్, గుర్తింపు కార్డు ఫొటో, ఫ్రిజ్ సీరియల్ నంబర్ రాసుకోండి. పాత బిల్లు ఉంటే ఫొటో తీసుకోండి. దొంగ సొత్తు అని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణముండి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. ఫ్రిజ్‌ల విషయంలో ఆ భయం తక్కువే గానీ, నాలుగు నెలల తర్వాత ఎవరో ఒకరు ఫోన్లు కూడా పెట్టమని సలహా ఇస్తారు. ఫోన్ల జోలికి మాత్రం పోకండి. ఎప్పుడైనా తప్పక కొనాల్సి వస్తే స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబర్‌ను, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్‌ను, ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవాలి. దొంగిలించినదని బ్లాక్ చేసిన ఫోన్ అయితే అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు ఆ 4,500 గురించి. మీరు తెలివి తక్కువై మోసపోలేదు. ఆ మోసాన్ని బాగా సాధన చేసినవాళ్లు చేశారు. ఆర్మీ, సీఐఎస్ఎఫ్ లాంటి బలగాల పేరు చెబితే మనం గౌరవంతో ప్రశ్నలు వేయకుండా ఊరుకుంటామని వాళ్లకు తెలుసు. ఐడీ కార్డు ఫొటో పంపుతారు, వస్తువు చూడకుండానే ఒప్పుకుంటారు, బేరమాడరు, డబ్బు పంపుతున్నాం ఈ క్యూఆర్ స్కాన్ చేయండి అంటారు. అక్కడే పట్టుకోవాలి. మనకు డబ్బు రావడానికి మనం స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగిందంటే డబ్బు మన ఖాతా నుంచి పోతోందని అర్థం. ఒక మనిషి ఇంకో మనిషికి యూపీఐలో డబ్బు అడుగుతూ పంపే కలెక్ట్ రిక్వెస్ట్‌లను, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపించింది. ఆ దారి మూసుకున్నా క్యూఆర్ దారి ఉంది, దొంగ స్క్రీన్‌షాట్ దారి ఉంది, ‘పొరపాటున 20,000 వేశాను, 14,000 తిరిగి పంపండి’ అంటూ బ్యాంకు పేరుతో దొంగ మెసేజ్ పంపే దారి ఉంది. అందుకే వచ్చిన మెసేజ్ చూడకండి, బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూడండి. ఇంకెప్పుడైనా అలా జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చెబితే డబ్బు మధ్యలో ఆగే అవకాశం ఉంటుంది.

మీ వ్యాపారంలో ఒక్క నియమం పెట్టుకుంటే ఈ మోసాల్లో చాలావరకు మీ గడప తొక్కవు. ఫ్రిజ్ చూడకుండా ఎవరి దగ్గరా డబ్బు తీసుకోను, ఎవరికీ పంపను. చూడకుండా కొంటానన్నవాడికి నమస్కారం పెట్టి వదిలేయండి, ఎంత తీయగా మాట్లాడినా సరే. దీనికోసం వేరే సిమ్ ఒకటి తీసుకుని దానిమీద వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి. వేరే బ్యాంకు ఖాతా కూడా తెరవండి. చిట్టీ డబ్బున్న ఖాతాను ఈ యూపీఐకి కలపొద్దు. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఎక్కడో మోసం చేసిన డబ్బు చేతులు మారి మీ ఖాతాకు వస్తే, పోలీసులు ఆ ఖాతాను ఫ్రీజ్ చేయించే ప్రమాదం ఉంటుంది, మీ తప్పు లేకపోయినా. కాబట్టి కొన్న మనిషి తన సొంత ఖాతా నుంచే, మీ ముందే నిలబడి కట్టాలి. బిల్లు మీద అతని పేరు, నంబర్ రాయాలి. మీవారు ఇంట్లో ఉండే వేళల్లోనే రమ్మనండి. వస్తున్నామని బయలుదేరాకే లొకేషన్ పంపండి.

గది గురించి ఒక మాట. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఆర్ 600ఎ గ్యాస్ ఉంటుంది, అది మంటకు అంటుకునేది. మీవారికి తెలిసే ఉంటుంది. గ్యాస్ పని చేసేటప్పుడు ఆ కింద గది కిటికీ, తలుపు తెరిచి ఉంచమనండి, పక్కనే పొయ్యి, దీపం లేకుండా చూసుకోండి.

పన్నుల గురించి భయపడకండి. తెలంగాణలో సరుకు అమ్మేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షల టర్నోవర్. 6,000 చొప్పున మూడు వందల ముప్పై ఫ్రిజ్‌లు దాటితే గానీ అక్కడికి చేరరు. మీవారి రిపేర్ ఆదాయం కూడా అదే పేరు మీద నడిపితే అదీ కలుస్తుంది. ఎప్పుడైనా ఆ గీత దాటితే, పాత వస్తువుల వ్యాపారులకు కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీదే పన్ను కట్టే పద్ధతి ఒకటి ఉంది. అప్పుడు అకౌంటెంట్‌ను అడగండి. అది పనికిరావాలన్నా ఎంతకు కొన్నారో మొదటి రోజు నుంచీ రాసి ఉండాలి.

ఈ ఆదివారం చేయాల్సింది ఇంతే. బాగుచేసిన రెండు ఫ్రిజ్‌లలో చూడ్డానికి బాగున్నదాన్ని తెల్లారే ఆన్ చేసి, ఫ్రీజర్‌లో గిన్నె పెట్టండి. సాయంత్రం గడ్డ కట్టిన గిన్నెను పట్టుకుని మీవారు నిలబడితే ఒక ఫొటో తీయండి. అదే మీ మొదటి ప్రకటన. రెండోదాన్ని వారం ఆగి పెట్టండి. మూడోదానికి తలుపు పట్టడం లేదన్నారు కదా, తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ మార్చి, రెండు రోజులు నడిపి చూసిన తర్వాతే ఫొటో తీయండి.